ల్యాప్‌టాప్ వేడికి కారణం పేస్టా, దుమ్మా, మే నెలా?

యాసంగి కోతలు ఊపందుకుని ఎండ 40 డిగ్రీలు దాటే రోజుల్లో నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, జడ్చర్ల పట్టణాల్లోని కంప్యూటర్ రిపేరు దుకాణాలకు గిరాకీ పెరుగుతుంది. బల్లల నిండా బోర్లా పెట్టిన ల్యాప్‌టాప్‌లే. తెచ్చినవాళ్ల ఫిర్యాదు దాదాపు ఒకటే: ఫ్యాను హోరు పెడుతోంది, అడుగు భాగం ఒళ్లో పెట్టుకోలేనంతగా కాలుతోంది, పావుగంట వాడేసరికి నత్తనడక నడుస్తోంది. దానికి దొరికే సమాధానం కూడా ఈమధ్య దాదాపు ఒకటే అయింది: థర్మల్ పేస్టు, అంటే ప్రాసెసర్ చిప్పుకూ దాని మీది రాగి పలకకూ మధ్య పూసే ముద్ద, మార్చాలి. యూట్యూబ్ వీడియోలు ఈ మాటకు మరింత బలం చేకూర్చాయి. చిన్న సిరంజిలో వచ్చే ఆ బూడిద రంగు ముద్ద మీదే ల్యాప్‌టాప్ ఆయుష్షంతా ఆధారపడి ఉన్నట్టు ప్రచారం సాగుతోంది.

పేస్టు ముఖ్యమైనదే. అయితే వేడి బయటికి పోయే పొడవైన దారిలో అది ఒక మజిలీ మాత్రమే. దక్షిణ తెలంగాణ జిల్లాల వాతావరణంలో మిగిలిన మజిలీలకు రావలసిన నింద కూడా దాని ఖాతాలోకే పోతోందని నా అభిప్రాయం. ఎందుకో లెక్క వేసి చూడవచ్చు. గుణకారం, భాగహారం వస్తే సరిపోతుంది.

వేడి ఏ దారిన పోతుంది

ప్రాసెసర్ తీసుకున్న విద్యుత్తంతా చివరికి వేడిగానే మారుతుంది. 30 వాట్లు తీసుకుంటే 30 వాట్ల వేడి. గోరంత చిప్పులో పుట్టిన ఈ వేడి గది గాలిలో కలిసే వరకు ఆరు మజిలీలు దాటాలి. సిలికాన్ చిప్పు నుంచి పేస్టులోకి, అక్కడి నుంచి రాగి పలకలోకి, పలక నుంచి హీట్ పైపులోకి, పైపు చివరనున్న సన్నని రేకుల్లోకి, రేకుల నుంచి ఫ్యాను తోసే గాలిలోకి, ఆఖరికి గదిలోకి.

హీట్ పైపు చూడటానికి అణిచిన రాగి గొట్టంలా ఉంటుంది గానీ లోపల బోలు. గాలి తీసేసి, కొద్దిపాటి నీరు పోసి మూసేస్తారు. శూన్యంలో నీరు తక్కువ వేడికే ఆవిరవుతుంది. చిప్పు వైపు చివరలో వేడిని పీల్చుకుని ఆవిరై, రేకుల వైపు చివరకు పరుగెత్తి, అక్కడ చల్లబడి మళ్లీ నీరవుతుంది. గొట్టం లోపలి గోడలకు అతికిన వత్తిలాంటి పొర ఆ నీటిని తిరిగి వేడి చివరకు లాక్కొస్తుంది. మోటారు లేదు, మీట లేదు. గొట్టం వంగి నలిగిపోతే తప్ప ఇది సాధారణంగా చెడిపోదు. కాబట్టి అనుమానించవలసిన వాళ్లు ముగ్గురే మిగులుతారు: పేస్టు, రేకుల మధ్య దుమ్ము, గది వేడి. రాగి పలక, పైపు, రేకులు కలిసిన భాగాన్నే హీట్‌సింక్ అంటారు.

ప్రతి మజిలీ దగ్గర కొన్ని డిగ్రీలు పోగవుతాయి. గది ఉష్ణోగ్రతకు వీటన్నిటినీ కలిపితే వచ్చేదే చిప్పు ఉష్ణోగ్రత. ఈ ఒక్క కూడిక తెలిస్తే మిగతా గందరగోళం చాలావరకు విడిపోతుంది.

పేస్టు లెక్క: మందం, పదార్థం, పేరు

రాగి పలకను ఎంత నునుపుగా అరగదీసినా దాని మీద కంటికి కనిపించని గుంటలు, గాట్లు ఉంటాయి. చిప్పు మీద పెట్టినప్పుడు ఆ సందుల్లో గాలి చిక్కుకుంటుంది. ఏ పదార్థం గుండా వేడి ఎంత సులువుగా పోతుందో చెప్పే కొలత ఉష్ణవాహకత. మీటరుకు, డిగ్రీకి ఇన్ని వాట్లు అని చెప్పే ఈ కొలతలో రాగికి సుమారు 400. గాలికి 0.026. మార్కెట్లో దొరికే మంచి పేస్టులకు 4 నుంచి 12 వరకు చెబుతారు. అంటే పేస్టు రాగి ముందు ఏ మూలకూ రాదు. అది గొప్ప వాహకం కానక్కరలేదు కూడా. గాలిని అక్కడి నుంచి వెళ్లగొడితే చాలు, దాని పని అయిపోయినట్టే.

చిప్పు వైశాల్యం 1.5 చదరపు సెంటీమీటర్లు, పుట్టే వేడి 30 వాట్లు, చిప్పుకూ పలకకూ మధ్య ఎడం 50 మైక్రాన్లు అనుకుందాం. 50 మైక్రాన్లంటే మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. కొలతలను మీటర్లలోకి, చదరపు మీటర్లలోకి మార్చుకుని, మందాన్ని వాహకతతోనూ వైశాల్యంతోనూ భాగించి, వాట్లతో గుణిస్తే ఆ పొర దగ్గర పోగయ్యే డిగ్రీలు వస్తాయి.

ఆ ఎడంలో పూర్తిగా గాలే ఉంటే దాదాపు 385 డిగ్రీలు. అంటే అసాధ్యం, చిప్పు అంతకు ముందే ఆగిపోతుంది. వాహకత 5 ఉన్న మధ్యరకం పేస్టు ఉంటే 2 డిగ్రీలు. వాహకత 10 ఉన్న ఖరీదైన పేస్టు ఉంటే 1 డిగ్రీ. మధ్యరకానికీ ఖరీదైన రకానికీ తేడా అక్షరాలా ఒక్క డిగ్రీ. అసలైన యంత్రంలో ఉపరితలాల దగ్గర ఇంకొంత అడ్డు ఉంటుంది కనుక అంకెలు కొద్దిగా మారుతాయి, వరస మారదు.

అలాగని ఏ పేస్టయినా ఒకటేనా? కాదు. రేడియో, ఆంప్లిఫైయర్, ఎల్‌ఈడీ దీపాల పనికి ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో చిన్న డబ్బాల్లో అమ్మే తెల్లటి ముద్ద ఉంటుంది. సిలికోన్ నూనెలో జింక్ ఆక్సైడ్ పొడి కలిపిన రకం అది. దాని వాహకత ఒకటికి అటూ ఇటూ. 0.8 అనుకుని అదే లెక్క కడితే 12.5 డిగ్రీలు వస్తుంది. ట్రాన్సిస్టర్‌కు అది చాలు, ల్యాప్‌టాప్ చిప్పుకు చాలదు. కాబట్టి నాసిరకం నుంచి మధ్యరకానికి మారితే 10 డిగ్రీల లాభం, మధ్యరకం నుంచి మేటి రకానికి మారితే 1 డిగ్రీ లాభం. సిరంజి మీద ముద్రించిన పెద్ద అంకెను చూసి మురిసిపోయేవాళ్లు గమనించవలసింది ఈ రెండో అంకెనే.

మందం సంగతి ఇంకా కీలకం. అదే మధ్యరకం పేస్టు పొర 50 మైక్రాన్లకు బదులు 200 మైక్రాన్లు ఉంటే 2 డిగ్రీలు కాస్తా 8 అవుతాయి. మరలు సమానంగా బిగియకపోయినా, పలక ఒక పక్కకు వంగినా, పక్కనున్న భాగాల మీద వేడి దాటడానికి పెట్టే మెత్తని ప్యాడ్ మందం ఎక్కువై పలకను ఎత్తిపెట్టినా జరిగేది ఇదే. ఎక్కువ పేస్టు పూయడం గురించి భయం మాత్రం కొంత అతిశయోక్తి. బిగించినప్పుడు అదనపు ముద్ద పక్కలకు జారిపోతుంది. విద్యుత్తును ప్రసరించని రకమైతే చూడటానికి అసహ్యంగా ఉంటుందే తప్ప నష్టం లేదు. తక్కువ పూసి చిప్పు మూలలను ఖాళీగా వదిలేయడమే అసలు ప్రమాదం.

దుమ్ము లెక్క: 13 డిగ్రీలు

గాలి వేడిని మోసుకుపోయే తీరు కూడా ఇలాంటి సూటి లెక్కే. చిన్న ఫ్యాను సెకనుకు 2 లీటర్ల గాలిని రేకుల గుండా తోస్తోందనుకుందాం. 30 వాట్ల వేడిని మోసుకుపోవాలంటే ఆ గాలి సుమారు 13 డిగ్రీలు వేడెక్కి బయటికి రావాలి. దుమ్ము పేరుకుని గాలి సగానికి, అంటే 1 లీటరుకు తగ్గితే, అదే వేడిని మోయడానికి 26 డిగ్రీలు వేడెక్కాలి. పావు వంతుకు తగ్గితే 53. ఈ పెరుగుదల దారిలో వెనక్కి పాకి రేకుల మీద, పైపు మీద, చిప్పు మీద దాదాపు అంతకంత కలుస్తుంది. స్థూల లెక్కే అయినా పరిమాణం ఏ పాటిదో తెలుస్తుంది. ఖరీదైన పేస్టు ఇచ్చేది 1 డిగ్రీ, సగం మూసుకుపోయిన రేకులు తీసుకునేవి 13 డిగ్రీలు.

ఈ దుమ్ము ఎక్కడ చేరుతుందన్నది చాలామందికి తెలియని సంగతి. బయటి జాలీలో నుంచి టార్చి వేసి చూస్తే రేకులు శుభ్రంగానే కనిపిస్తాయి. ఫ్యానుకూ రేకులకూ మధ్య, లోపలి ముఖం మీద, కంబళి ముక్కలాంటి పొర పట్టి ఉంటుంది. సాగర్ ఎడమ కాలువకు నిండుగా నీళ్లు వదిలినా తూము నోటికి చెత్త అడ్డం పడితే చివరి మడి ఎండినట్టే, ఫ్యాను ఎంత తిరిగినా ఆ పొర దాటి గాలి పోదు.

పొర అలా కంబళిలా అల్లుకోవడానికి ఉత్త మట్టి చాలదు, పోగులు కావాలి. రేకుల మధ్య సందు సుమారు ఒక మిల్లీమీటరు. నుసిలాంటి మట్టి చాలావరకు దాటిపోతుంది. పోగు మాత్రం అడ్డంగా పడి ఆగుతుంది, తర్వాత వచ్చే మట్టి దానికి అంటుకుంటుంది. బట్టల నూలు, వెంట్రుకలు ఏ ఇంట్లోనైనా ఉంటాయి. ఈ ప్రాంతంలో వాటికి తోడు పత్తి. నల్లగొండ జిల్లాలో పత్తి విస్తారంగా పండుతుంది. జిన్నింగ్ మిల్లుల చుట్టుపక్కల సీజనంతా దూది నూగు గాలిలోనే ఉంటుంది. పోచంపల్లి, గద్వాల వంటి చేనేత ఊళ్లలో మగ్గం ఉన్న గదిలోనే ల్యాప్‌టాప్ ఉండటం అరుదేమీ కాదు. అక్కడ నూలు పోగులకు కొదవలేదు. మిర్యాలగూడ రైస్ మిల్లుల దగ్గర ఊక నుసి, యాసంగిలో ధాన్యం కొనుగోలు కేంద్రాల దగ్గర తూర్పారబట్టిన పొట్టు, ఎర్ర చెల్క నేలల మట్టి, క్రషర్ల దగ్గర రాతిపొడి. హైదరాబాద్‌లో గాజు అద్దాల ఏసీ ఆఫీసులో నడిచే ల్యాప్‌టాప్‌కూ, కొనుగోలు కేంద్రంలో టెంటు కింద ట్యాబు పక్కన పెట్టి నడిపే ల్యాప్‌టాప్‌కూ ఒకే శుభ్రత గడువు చెప్పడం అర్థం లేని పని.

మే నెల వాటా

గది ఉష్ణోగ్రత చిప్పు ఉష్ణోగ్రతలో నేరుగా కలుస్తుందని పైన అనుకున్నాం. మన 30 వాట్ల ల్యాప్‌టాప్‌లో, అన్నీ సవ్యంగా ఉన్నప్పుడు, చిప్పు గది కంటే 54 డిగ్రీలు ఎక్కువగా ఉంటుందనుకుందాం. జనవరిలో గది 22 డిగ్రీలుంటే చిప్పు 76. నల్లగొండలో మే నెల మధ్యాహ్నం బయట 43, 44 ఉన్నప్పుడు స్లాబు కింది పై అంతస్తు గది 41 ఉండటం వింత కాదు. అప్పుడు చిప్పు 95. ల్యాప్‌టాప్‌లో ఒక్క నలుసు మారలేదు, 19 డిగ్రీలు పెరిగాయి.

ఇప్పుడు దుమ్మును కలపండి. రేకులు సగం మూసుకుపోయి ఉంటే జనవరిలో 76కు 13 కలిసి 89. ఫ్యాను కాస్త చప్పుడు చేస్తుంది, ఎవరూ పట్టించుకోరు. మేలో 95కు 13 కలిస్తే 108. చాలా ఇంటెల్ ల్యాప్‌టాప్ ప్రాసెసర్లకు గరిష్ఠ పరిమితి 100 డిగ్రీలు. ఏఎండీ వాటికి రకాన్ని బట్టి 95 నుంచి 105. ఆ గీత దగ్గరికి రాగానే చిప్పు తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. దీన్నే థ్రాట్లింగ్ అంటారు. అందుకే చిప్పు ఉష్ణోగ్రత చూపే సాఫ్ట్‌వేర్ మీటరులో 108 ఎప్పుడూ కనిపించదు. 100 దగ్గర ముల్లు ఆగి, పని నెమ్మదిస్తుంది.

ఏప్రిల్‌లో హఠాత్తుగా చెడిపోయిందనిపించే ల్యాప్‌టాప్‌లో దుమ్ము ఏప్రిల్‌లో వచ్చింది కాదు. అంతకు ముందు ఏడాది దసరా నుంచీ చేరుతూనే ఉంది. చలికాలం ఇచ్చిన వెసులుబాటు ఎండాకాలంలో అయిపోయింది, అంతే. ఇది తెలియక వేగం తగ్గిందని విండోస్ మళ్లీ ఎక్కించుకునేవారు, ర్యామ్ పెంచుకునేవారు చాలామంది. జూన్‌లో వానలు పడి గది చల్లబడగానే ల్యాప్‌టాప్ మళ్లీ బాగా నడుస్తుంది. ఆ పుణ్యం కొత్త ర్యామ్ ఖాతాలో పడుతుంది.

ఎయిర్ కూలర్ గురించి తరచూ వినిపించే సందేహం: చెమ్మగాలి ల్యాప్‌టాప్‌కు హాని చేయదా? చల్లని వస్తువు మీద చెమ్మ నీరై కూర్చుంటుంది గానీ, గది కంటే వేడిగా ఉన్న వస్తువు మీద కూర్చోదు. నడుస్తున్న ల్యాప్‌టాప్ ఎప్పుడూ గది కంటే వేడిగానే ఉంటుంది. పొడి ఎండలో కూలర్ గదిని ఎన్ని డిగ్రీలు చల్లబరిస్తే చిప్పుకు దాదాపు అన్ని డిగ్రీలు లాభం. తుంపరలు పడేంత దగ్గర పెడితే మాత్రం సంగతి వేరు.

ఎక్కడ అడ్డు పడిందో బయటి నుంచే తెలిసే గుర్తులు

మూత విప్పక ముందే పేస్టునూ దుమ్మునూ చాలావరకు విడదీయవచ్చు. ఈ భాగం మీద దుకాణాల్లో శ్రద్ధ తక్కువ, నిజానికి ఎక్కువ ఉండవలసింది ఇక్కడే. హెచ్‌డబ్ల్యూఇన్ఫో, కోర్ టెంప్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు చిప్పులోని సెన్సార్ల అంకెలను చూపిస్తాయి.

మొదటి గుర్తు వేడెక్కే వేగం. చిప్పు బరువు ఎంత? గ్రాముల్లో కూడా చెప్పలేం. రాగి హీట్‌సింక్ బరువు దానికి ఎన్నో రెట్లు. పేస్టు పాడై చిప్పుకూ పలకకూ సంబంధం తెగితే వేడి చిన్న చిప్పులోనే ఇరుక్కుంటుంది. బరువైన పని మొదలెట్టగానే ఒకటి రెండు సెకన్లలో 60 నుంచి 95కు ఎగబాకుతుంది, పని ఆపగానే అంతే వేగంగా పడిపోతుంది. దుమ్ము సమస్యయితే వేడి ముందు రాగిలోకి సవ్యంగానే పోతుంది. రాగి అంతా వేడెక్కడానికి నిమిషాలు పడుతుంది కనుక ఉష్ణోగ్రత మెల్లమెల్లగా పెరిగి ఎక్కడో పైన నిలబడుతుంది. పని ఆపినా దిగడానికి చాలాసేపు పడుతుంది.

రెండో గుర్తు బయటికొచ్చే గాలి. చిప్పు 95 చూపిస్తుంటే జాలీ దగ్గర గాలి ధారాళంగా, గోరువెచ్చగా మాత్రమే వస్తోందంటే వేడి రేకుల దాకా చేరడం లేదు. అనుమానం పేస్టు మీదికి, అరుదుగా పైపు మీదికి పోతుంది. ఫ్యాను గట్టిగా తిరుగుతున్న చప్పుడు వినిపిస్తూ, గాలి నీరసంగా, చెయ్యి కాలేంత వేడిగా వస్తుంటే రేకులు మూసుకుపోయాయి. చప్పుడులో గాలి హోరుకు బదులు గరగర ఉంటే ఫ్యాను బేరింగ్ అరిగింది. దానికి పేస్టు మందు కాదు.

మూడోది కోర్ల మధ్య, అంటే ప్రాసెసర్‌లో విడివిడిగా పనిచేసే భాగాల మధ్య తేడా. అన్ని కోర్లూ ఒకే పని చేస్తున్నప్పుడు నాలుగైదు డిగ్రీల ఎగుడుదిగుడు మామూలే. ఒక్కటి మాత్రం మిగతావాటి కంటే 15, 20 డిగ్రీలు పైన ఉంటే ఆ మూల పేస్టు లేదనో, పలక సమానంగా ఆనడం లేదనో అనుమానించవచ్చు.

ఒక మినహాయింపు ఉంది, దాన్ని మరిచిపోతే ఆరోగ్యంగా ఉన్న ల్యాప్‌టాప్‌కు కూడా రోగం అంటగడతాం. కొత్త ప్రాసెసర్లు పని మీద పడగానే కొద్దిసేపు తమ మామూలు పరిమితికి రెట్టింపు, అంతకంటే ఎక్కువ విద్యుత్తు కూడా లాక్కునేలా తయారయ్యాయి. ఏదైనా తెరిచినప్పుడు ఒక క్షణం 90 దాటడం వాటి స్వభావంలోనే ఉంది. 2022లో వచ్చిన రైజెన్ 7000 డెస్క్‌టాప్ ప్రాసెసర్లు పూర్తి బరువు మీద 95 డిగ్రీల దగ్గర నడిచేలాగే రూపొందాయని ఏఎండీయే చెప్పింది. కాబట్టి పెద్ద అంకె కనిపించడమే రోగం కాదు. అదే పనికి మునుపటి కంటే పెద్ద అంకె రావడం, లేదా అదే అంకె దగ్గర మునుపటి కంటే తక్కువ పని జరగడం రోగం.

వీటన్నిటికంటే చౌకైన పరీక్ష మరొకటి: ల్యాప్‌టాప్ వెనక అంచు కింద ఒక పుస్తకం పెట్టి ఎత్తడం. చాలా ల్యాప్‌టాప్‌లు అడుగు నుంచే గాలి పీలుస్తాయి. ఎత్తిన కాసేపటికి నాలుగైదు డిగ్రీలు తగ్గితే, ఇన్నాళ్లూ పరుపు మీద, బొంత మీద పెట్టి దాని ముక్కు మూసినట్టు లెక్క.

పేస్టు ఎందుకు పాతబడుతుంది

పేస్టు అంటే నూనెలాంటి ద్రవంలో కలిపిన సన్నని పొడి. కాలం గడిచేకొద్దీ ద్రవం వేరుపడి పొడి మిగలడం ఒక కారణం. ల్యాప్‌టాప్‌లలో అంతకంటే ముఖ్యమైనది మరొకటి. వేడికి రాగి సాగినంతగా సిలికాన్ సాగదు. రాగి దాదాపు ఆరేడు రెట్లు ఎక్కువ సాగుతుంది. వేడెక్కిన ప్రతిసారీ, చల్లారిన ప్రతిసారీ రెండు ఉపరితలాల మధ్య పేస్టు కొద్దికొద్దిగా అంచులకు నెట్టబడుతుంది. దీన్ని పంప్ అవుట్ అంటారు. కొన్ని వేల సార్లు అయ్యాక మధ్యలో పొర పలచబడి చారలుగా మిగులుతుంది. డెస్క్‌టాప్ ప్రాసెసర్ల మీద లోహపు మూత ఉంటుంది కనుక అక్కడ ఇది తక్కువ. ల్యాప్‌టాప్‌లో నగ్నంగా ఉన్న చిప్పు మీదే పలక ఆనుతుంది.

దీనితో ఒక విచిత్రమైన ఫలితం ఉంది. మొదటి రోజు పరీక్షలో గెలిచే పలుచని పేస్టు కొన్ని నెలలకే నెట్టబడి వెనకబడవచ్చు. చిక్కగా, పూయడానికి ఇబ్బందిగా ఉండేది ఏళ్ల తరబడి నిలవవచ్చు. ఒక్క రోజు కొలతలతో పేస్టులకు ర్యాంకులిచ్చే వీడియోలు ల్యాప్‌టాప్ యజమానికి పెద్దగా ఉపయోగపడకపోవడానికి కారణం ఇదే.

ఈ చిక్కుకు జవాబుగా వచ్చినవే ఫేజ్ చేంజ్ షీట్లు. హనీవెల్ పీటీఎం 7950 వీటిలో బాగా పేరున్నది. మామూలుగా గట్టి రేకులా ఉండి 45 డిగ్రీల దగ్గర మెత్తబడి సందుల్లోకి పాకుతుంది, చల్లారితే మళ్లీ గట్టిపడుతుంది. అంచులకు సులువుగా జారిపోదు. దాన్ని అంటించే ముందు కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి, గట్టిపడ్డాక రక్షణ పొరలు ఒలుస్తారు. మే నెలలో నల్లగొండ గదుల్లో ఈ జాగ్రత్తకు ఉన్న విలువ వేరే చెప్పనక్కరలేదు. మెత్తబడ్డ షీటు పొరతో పాటే చిరిగి వచ్చేస్తుంది.

ద్రవలోహం మరో కొస. గాలియం, ఇండియం, తగరం కలిసిన ఈ మిశ్రమం గది వేడికే ద్రవంగా ఉంటుంది. మామూలు పేస్టు కంటే ఎన్నో రెట్లు మెరుగైన వాహకం. 2020లో వచ్చిన ప్లేస్టేషన్ 5లో ఫ్యాక్టరీలోనే వాడారు, కొన్ని అసూస్ గేమింగ్ ల్యాప్‌టాప్‌లలోనూ ఉంటుంది. అయితే ఇది విద్యుత్తును ప్రసరిస్తుంది, చుక్క జారితే మదర్‌బోర్డు కాలిపోవచ్చు. గాలియం అల్యూమినియాన్ని తినేస్తుంది కూడా. అటూ ఇటూ ఊగే, సంచిలో బస్సెక్కే యంత్రంలో మామూలు వాడుకరి దీన్ని కొత్తగా పూయించుకోవడంలో లాభం కంటే భయమే ఎక్కువ.

ఏటా మార్చాలనేవారు, ముట్టుకోవద్దనేవారు

ఏడాదికోసారి పేస్టు మార్చాల్సిందేనని ఒక వర్గం. వారి వాదనలో పస లేకపోలేదు. పేస్టు పాడవడం మెల్లగా జరుగుతుంది కనుక యజమానికి తెలియదు. ఎలాగూ దుమ్ము కోసం విప్పినప్పుడు కొన్ని నమూనాల్లో హీట్‌సింక్ ఊడదీయక తప్పదు. ఒకసారి పలక లేచిందంటే పాత పేస్టు మళ్లీ పనికిరాదు. రోజుకు పది గంటలు నడిచే డీటీపీ సెంటరు, మీసేవ కేంద్రం, వీడియో ఎడిటింగ్ చేసే ఫొటో స్టూడియో వంటి చోట్ల ఈ వాదన నిలుస్తుంది.

బాగా నడుస్తున్నదాన్ని కెలకవద్దని రెండో వర్గం. విప్పిన ప్రతిసారీ ప్లాస్టిక్ కొక్కేలు విరగడం, రిబ్బన్ కేబుల్ లాకులు ఊడటం, మర గాడి పోవడం జరిగే అవకాశం ఉంటుంది. రోజుకు రెండు గంటలు మార్కుల జాబితాలు టైపు చేసుకునే ఉపాధ్యాయుడి ల్యాప్‌టాప్ 8, 10 వాట్లు కూడా తినదు. 30 వాట్ల దగ్గర 8 డిగ్రీలు తినే చెడ్డ పొర 10 వాట్ల దగ్గర మూడు డిగ్రీలు కూడా తినదు. ఆయనకు ఏటా పేస్టు మార్చడం డబ్బు దండగ.

నన్నడిగితే రెండు వర్గాలూ ఒకే పొరపాటు చేస్తున్నాయి: దుమ్మునూ పేస్టునూ ఒకే గడువుకు కట్టేస్తున్నాయి. చాలా ల్యాప్‌టాప్‌లలో అడుగు మూత, ఫ్యాను మరలు తీస్తే రేకుల మీది పొర చేతికి వస్తుంది; హీట్‌సింక్‌ను కదిలించనక్కరలేదు. ఆ పని జిన్నింగ్ మిల్లు పక్కనైతే ఏడాదికి రెండుసార్లయినా అవసరం పడవచ్చు. పేస్టుది వేరే గడియారం. 2020లో వచ్చిన ఎం1 మ్యాక్‌బుక్ ఎయిర్ లాంటి ఫ్యాను లేని యంత్రాల్లో దుమ్ము ప్రశ్నే దాదాపు ఉండదు.

రిపేరే రోగమయ్యే సందర్భాలు

సర్వీసు తర్వాత వేడి ఇంకా పెరిగిందన్న ఫిర్యాదులకు తరచూ కారణం ప్యాడ్లు. గ్రాఫిక్స్ మెమరీ, విద్యుత్తు సరఫరా చేసే భాగాల మీద పేస్టు ఉండదు, మెత్తని థర్మల్ ప్యాడ్లుంటాయి. అర మిల్లీమీటరు, ఒకటి, ఒకటిన్నర అంటూ వాటి మందం ముందే లెక్క వేసి పెడతారు. చిరిగిన అర మిల్లీమీటరు ప్యాడ్ స్థానంలో దొరికిందేదో ఒక మిల్లీమీటరుది పెడితే పలక లేచి, ప్రాసెసర్ మీద పొర మందమవుతుంది. ప్యాడ్ తీసేసి పేస్టు పూస్తే అక్కడ సందు నిండనే నిండదు.

హీట్‌సింక్ మరల పక్కన 1, 2, 3, 4 అని అంకెలుంటాయి. ఐమూలగా, కొద్దికొద్దిగా బిగించే వరస అది. ఒక పక్క పూర్తిగా బిగించి రెండో పక్కకు వెళితే పలక వాలుతుంది, సున్నితమైన చిప్పు అంచు పెచ్చు లేచే అపాయమూ ఉంది. పాత పేస్టు తుడవడానికి 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడటానికి కారణం, అది ఏ అవశేషమూ లేకుండా ఆవిరవడం. చేతులకు రాసుకునే శానిటైజర్‌లో గ్లిజరిన్ వంటివి ఉంటాయి, పొర మిగులుతుంది.

పంక్చరు షాపు కంప్రెసర్‌తో దుమ్ము ఊదించడం మన పట్టణాల్లో మామూలు దృశ్యం. ఆ ట్యాంకులో నీటి తుంపర, నూనె ఆవిరి కలిసి ఉంటాయి. ఒత్తిడికి ఫ్యాను తన శక్తికి మించి గిర్రున తిరిగి బేరింగ్ పాడవుతుంది. రెక్కను వేలితో ఆపి ఊదడం అందుకే. జాలీ వైపు నుంచి ఊదితే కంబళి పొర ఫ్యాను గదిలోకి ఊడిపడి, నాలుగు రోజుల్లో మళ్లీ రేకుల మీదికే వస్తుంది. ఇక మూత తీసినప్పుడు బ్యాటరీ ఉబ్బి కనిపిస్తే పేస్టు సంగతి అటుంచాల్సిందే. దాన్ని నొక్కినా, పొడిచినా నిప్పంటుకునే ప్రమాదం ఉంది.

వారంటీ సంగతి కంపెనీని బట్టి మారుతుంది. డెల్, హెచ్‌పీ, లెనోవో తమ చాలా నమూనాలకు విప్పే విధానం చూపే సర్వీసు మాన్యువళ్లను బహిరంగంగానే పెట్టాయి. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో రైట్ టు రిపేర్ పోర్టల్ మొదలుపెట్టింది. అయినా వారంటీ ఉన్నన్నాళ్లు మూత తీసే ముందు ఆ కంపెనీ షరతులు చదవక తప్పదు.

బాగుపడిందో లేదో ఎలా తెలుస్తుంది

దుకాణంలో ఏసీ ఉండి గది 26 డిగ్రీలుంటే, సర్వీసయిన మన ల్యాప్‌టాప్ 30 వాట్ల దగ్గర 80 చూపిస్తుంది. యజమాని సంతోషంగా ఇంటికి తీసుకెళతాడు. ఇంట్లో గది 41. మీటరులో 95. మోసపోయానని మర్నాడు దుకాణం ముందు గొడవ. రెండు చోట్లా గది అంకె తీసేస్తే మిగిలేది 54 డిగ్రీలే. యంత్రం మారలేదు.

ఇంకో మెలిక ఉంది. సర్వీసుకు ముందు, రేకులు ముప్పాతిక మూసుకుపోయి ఉన్నప్పుడు, ఇదే 41 డిగ్రీల గదిలో మీటరు 100 చూపించి ఉంటుంది. ఇప్పుడు 95. పెట్టిన డబ్బుకు వచ్చింది ఐదు డిగ్రీలేనా అని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ అప్పుడు చిప్పు 100 దాటకుండా తనను తాను బిగించుకుని నడిచింది. సాఫ్ట్‌వేర్‌లో ఉష్ణోగ్రత పక్కనే ఉండే వాట్ల అంకె చూసి ఉంటే అది 19 దగ్గర కనిపించేది: 59 డిగ్రీల పెరుగుదలకు 19 వాట్లు, అంటే వాటుకు 3.1 డిగ్రీలు. ఇప్పుడు 54 డిగ్రీల పెరుగుదలకు 30 వాట్లు, వాటుకు 1.8. ఉష్ణోగ్రత తగ్గింది ఐదు డిగ్రీలే, చిప్పు వాడుకోగలుగుతున్న విద్యుత్తు మాత్రం ఒకటిన్నర రెట్లు దాటింది.